మంచి పౌరుడిగా ఉంటే చాలదా? శిష్యత్వానికి వేరే వెల ఏముంది?

వందనాలు బ్రదర్.

చదివేవాళ్ళందరికీ తెలియాలి కాబట్టి మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను. మీది కందుకూరు దగ్గర పల్లె. షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పటి నుంచి చర్చి వాసన లేని ఇల్లు. మూడేళ్ళ కిందట ఇక్కడ చెన్నైలోనే ప్రభువును తెలుసుకున్నారు, ఇప్పుడు బాప్తిస్మానికి సిద్ధపడుతున్నారు. మొన్న ఆదివారం బైబిల్లో లూకా సువార్త 14వ అధ్యాయం మీద వాక్యం విన్నారు, తన సిలువ మోయనివాడు శిష్యుడు కాలేడని యేసు చెప్పిన చోటు అది. "నేను పన్ను కడుతున్నాను, ఓటు వేస్తున్నాను, సిగ్నల్ దాటను, రక్తదానం చేస్తాను. మంచి పౌరుడిగా బతకడమే సిలువ మోయడం కాదా? ఇంతకంటే వెల ఏముంది?" అని అడిగారు. చివర్లో రెండు లైన్లలో ఇంకో మాట రాశారు: సర్టిఫికెట్‌లో హిందూ ఎస్సీ అని ఉంది, బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను, బాప్తిస్మం సంగతి ఎవరికీ చెప్పకుండా ఉంటే తప్పా అని. నాకైతే మీ అసలు ప్రశ్న ఆ రెండు లైన్లలోనే ఉందనిపించింది. అక్కడికి వస్తాను.

నేను ఆడిటర్ ఆఫీసులో లెక్కలు చూసి రిటైరైన మనిషిని. ఇక్కడి ఒక తెలుగు సంఘంలో పెద్దగా ఉంటూ బాప్తిస్మం తీసుకోబోయే పిల్లలకు చాలా ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. పన్నులు కట్టించడం నా వృత్తి, వాక్యం చెప్పడం నా పిలుపు. రెండూ ఒకటి కావని నాకు బాగా తెలుసు. విడదీయలేమని కూడా తెలుసు.

పౌరుడి బాధ్యతకు ఒక కొలత ఉంటుంది. చెన్నై కార్పొరేషన్‌కు ఇంటి పన్ను ఆరు నెలలకోసారి కడతాం. కట్టగానే రసీదు వస్తుంది, మళ్ళీ ఆరు నెలల దాకా ఎవరూ అడగరు. ఇష్టంగా కట్టావా, సణుక్కుంటూ కట్టావా అని కార్పొరేషన్ చూడదు, చూడాల్సిన పనీ లేదు. మన రాజ్యాంగంలో 51ఏ అధికరణం కింద ప్రాథమిక విధులు ఉన్నాయి. 1976లో 42వ సవరణతో పది చేర్చారు, 2002లో పదకొండోది వచ్చింది. నమ్మేవాడికీ నమ్మనివాడికీ అవి ఒకటే. అలా ఉండడమే న్యాయం కూడా.

లూకా 14లో మాట వేరు. గొప్ప జనసమూహం వెంట వస్తుంటే యేసు వెనక్కి తిరిగి, గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అన్నాడు. పదివేల మందితో ఇరవైవేల మందిని ఎదుర్కోబోయే రాజు ముందు ఆలోచించుకోడా అన్నాడు. తనకు కలిగినదంతా విడిచిపెట్టనివాడు నా శిష్యుడు కానేరడు అన్నాడు. వస్తున్నవాళ్ళను ఆపి మరీ చెప్పిన మాటలివి. ఇందులో ఇంత శాతం అన్న మాట లేదు. సగం ఆస్తి, వారానికి ఒక పూట, జీతంలో పదోవంతు అని గీత గీయలేదు. పదోవంతు ఇచ్చేశాను, మిగతా తొమ్మిది వంతులు నావి అనుకునేవాళ్ళను మన సంఘాల్లో చాలామందిని చూస్తాం. వాళ్ళు దశమభాగాన్ని కూడా ఇంటి పన్నులాగే కడుతున్నారు.

దేనారం అనే రోమా నాణెం సంగతి మీకు తెలుసు. రోమా చక్రవర్తి కైసరుకు పన్ను కట్టాలా వద్దా అని ఇరికించడానికి అడిగితే యేసు ఆ నాణెం తెప్పించి, దీని మీద బొమ్మ ఎవరిది అన్నాడు. కైసరుదన్నారు. కైసరువి కైసరుకు, దేవునివి దేవునికి ఇవ్వమన్నాడు. కైసరుకు ఇవ్వాల్సింది ఒక కూలివాడి ఒక రోజు కూలి. దేవుని స్వరూపంలో చేయబడింది మనిషి కాబట్టి, దేవునికి ఇవ్వాల్సింది మనిషినే. ఈ రెండో సగం చెప్పకుండా మొదటి సగం మాత్రమే చెప్పే ప్రసంగాలు నాకు నచ్చవు.

ఇంకొకటి ఉంది, దీని మీద కాస్త ఎక్కువ సేపు నిలబడతాను. ఆ రోజుల్లో రోమా సైనికుడు దారిన పోయేవాణ్ణి ఆపి తన మూట మోయమనొచ్చు. అది ప్రజల మీద ఉన్న బలవంతపు చాకిరీ, మన పల్లెల్లో వెట్టి లాంటిది. ఒక మైలు మోయమంటే రెండు మైళ్ళు వెళ్ళమన్నాడు యేసు. మొదటి మైలు కైసరు హక్కు, తప్పించుకోలేం. రెండో మైలు ఎవరూ అడగలేదు. అక్కడి నుంచి మోసేవాడు సైనికుడి కింద లేడు, తన ప్రభువు మాట మీద నడుస్తున్నాడు. అదే చట్టం కింద సైనికులు కురేనీయుడైన సీమోనును పట్టుకుని సిలువ మోయించారు. పొలం నుంచి వస్తున్న మనిషి, అతనికి ఏ సంబంధమూ లేదు. మోయక తప్పలేదు, మోశాడు. శిష్యులకు మాత్రం యేసు అలా చెప్పలేదు. ఎవడైనా నన్ను వెంబడించాలనుకుంటే తన్ను తాను ఉపేక్షించుకుని ప్రతిదినం తన సిలువ ఎత్తుకోవాలి అన్నాడు. అనుకుంటే అన్నాడు. మీద పడ్డ బరువు వేరు, మనంతట మనం భుజాన ఎత్తుకున్నది వేరు.

అందుకే ప్రతి కష్టాన్నీ సిలువ అనకండి. మీ ఆఫీసు దారి ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ట్రాఫిక్, మేనేజర్ చిరాకు, మోకాళ్ళ నొప్పి, ఇవన్నీ అందరికీ ఉన్నవే. ఆయన్ని వెంబడించడం మానేస్తే పోయే కష్టం ఏదైతే ఉందో, అది సిలువ.

మీ ఆఫీసుకు తూర్పున, ఓఎంఆర్‌కూ ఈసీఆర్‌కూ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మధ్య బకింగ్‌హామ్ కాలువ పారుతుంది. షోళింగనల్లూరు నుంచి ఈసీఆర్‌కు వెళ్ళేటప్పుడు దాని మీది వంతెన దాటుతారు. ఇప్పుడు గుర్రపుడెక్కతో, మురుగుతో నిండిపోయి ఉంటుంది, ముక్కు మూసుకుని దాటేస్తాం. ఆ కాలువకూ మీ జిల్లా విశ్వాసులకూ ఉన్న సంబంధం మీ వయసు పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు.

1866లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర తాళ్ళకొండపాడులో అతని మాట విని నమ్మినవాళ్ళకు బాప్తిస్మం ఇచ్చాడు. ఊళ్ళో మాదిగలకు కట్టుబడి పనులు ఉండేవి. రైతులకు చెప్పులు, పశువులకు తోలు సామాను కుట్టాలి, దానికి కోతలప్పుడు ధాన్యం కొలుస్తారు. జాతరల్లో డప్పు కొట్టాలి. చచ్చిన గొడ్డును ఈడ్చుకెళ్ళాలి, దాని మాంసం తినాలి. ఆ కాలానికి అదే వాళ్ళ పౌరధర్మం అనుకోండి. నమ్మినవాళ్ళు చెప్పులు కుట్టం అనలేదు. మూడు విషయాలు మాత్రం కుదరవన్నారు: విగ్రహం ముందు డప్పు కొట్టం, చచ్చిన గొడ్డు తినం, ఆదివారం పని చేయం.

ఊరు ఏం చేసిందో చూడండి. వీళ్ళ బట్టలు ఉతకొద్దని చాకలికి చెప్పారు. కుండలు అమ్మొద్దని కుమ్మరికి చెప్పారు. వీళ్ళ పశువులను ఊరి బీట్లోంచి తోలేశారు. చెప్పుల పని ఆపేశారు, కోతలకు పిలవలేదు, ధాన్యం పోయింది. కొరడా దెబ్బ అయితే మర్నాటికి వాస్తుంది, వారానికి మానుతుంది. కుండ దొరక్కపోవడం రోజూ పొద్దున్నే ఎదురవుతుంది. ప్రతిదినం అన్న మాటను వాళ్ళు మనకంటే బాగా అర్థం చేసుకున్నారని నా నమ్మకం.

తర్వాత 1876–78 కరువు వచ్చింది. జనం ఆకలితో చస్తుంటే క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. ఆ ముక్క అటు ఉత్తరాన ఉంది, మీ ఆఫీసు దగ్గరిది కాదు, కాని కాలువ ఒకటే. తవ్వేవాళ్ళలో చాలామంది వాక్యం విని బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం వచ్చారా, క్రీస్తు కోసం వచ్చారా తేలాలి కదా అని, సహాయం నడిచినన్నాళ్ళూ, ఏడాదికి పైగా, ఆపేశాడు. కరువు పని ముగిసింది, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మన సభల్లో గొప్పగా చెబుతారు. దాని ముందున్న ఆ ఏడాది మౌనం గురించి చెప్పేవాళ్ళు తక్కువ. ఆకలిగొన్నవాడికి పని ఇవ్వడం మనిషిగా చేయాల్సింది, దానికి షరతు పెట్టకూడదు. శిష్యుడు కావడం లెక్క చూసుకుని రావాల్సింది, దానికి ఎర వేయకూడదు. ఈ రెండింటినీ ఆయన కలిపేయలేదు.

ఇక మన కాలానికి వద్దాం. పౌరుడి బాధ్యత, శిష్యత్వం రెండూ కలిసే చోటు ఒకటుంది. ఎవరూ చూడని చోట అది. నా వృత్తిలో ప్రతి ఏడాదీ జనవరి నుంచి మార్చి దాకా చూసేవాణ్ణి. కుర్రాళ్ళు అద్దె రసీదుల పుస్తకం కొనుక్కుని, ఊళ్ళో సొంతింట్లో ఉండే నాన్న పేరుతో అద్దె రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు తీసుకుంటారు. ఇవ్వని విరాళాలకు రసీదులు కొంటారు. "అందరూ చేసేదే కదా అంకుల్" అంటారు. అందులో సంఘం పిల్లలూ ఉంటారు, ఆదివారం గిటార్ వాయించే పిల్లలు కూడా. వాళ్ళ మీద నాకు కోపం లేదు, బాధ ఉంది. ఏడాదికి ఇరవై ముప్పై వేలు మిగిలే చోట అబద్ధం ఆడేవాడు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు నిజం చెబుతాడని ఎలా నమ్మాలి? పన్నులు వసూలు చేసే జక్కయ్య, యేసు పిలిస్తే చెట్టు దిగిన రోజు పాట పాడలేదు. సగం ఆస్తి బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆయన రక్షణ లెక్కల పుస్తకంలో కనబడింది.

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. పిల్లలు బడికి వెళ్ళే వయసులో పెరంబూరులో ఒక ఫ్లాట్ చూశాం. రెండు గదులు, కిటికీ తీస్తే వేపచెట్టు. మా ఆవిడకు ఎంతో నచ్చింది. మాటలన్నీ అయ్యాక అమ్మేవాళ్ళు ఒక కాగితం మీద పెన్సిలుతో రెండు అంకెలు రాసి మా వైపు జరిపారు. ఒకటి చెక్కు, రిజిస్ట్రేషన్‌కు చూపించేది. రెండోది చేతికి ఇచ్చేది. మొత్తం చెక్కుగానే ఇస్తాం, స్టాంపు డ్యూటీ ఎంతైతే అంత కడతాం అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కాఫీ తాగి వెళ్ళమన్నారు. అంతే, ఆ ఇల్లు పోయింది. తర్వాత ధరలు పెరిగి, ఊరికి దూరంగా రెడ్‌హిల్స్ వైపు వెళ్ళాల్సి వచ్చింది. పిల్లలు బడి మారారు. మా ఆవిడ నన్ను ఎప్పుడూ నిందించలేదు కాని, ఆ వీధిలోంచి బస్సు వెళ్ళినప్పుడల్లా ఆ కిటికీ వైపు చూసేది. చూడండి, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టడం పౌరుడి బాధ్యతే. కాని అది కట్టడానికి ఒక ఇల్లు, ఒక ఇల్లాలి ఆశ ఖర్చయ్యాయి. నేను నమ్మని మనిషినైతే సగం నగదు ఇచ్చి ఆ ఇంట్లో ఉండేవాణ్ణి. నమ్మనివాళ్ళలో నిజాయితీపరులు లేరని ఇలా రాయడం లేదు, నాకంటే నిఖార్సైనవాళ్ళు నా ఆఫీసులోనే ఉండేవారు. నా సంగతి మాత్రమే చెబుతున్నాను.

పౌరుడి బాధ్యత, శిష్యత్వం ఎప్పుడో ఒకసారి ఢీకొంటాయి కూడా. అప్పుడు మనుష్యులకు కాదు దేవునికే లోబడాలి అన్న పేతురు మాట ఉంది. ఆ మాటను చీటికీ మాటికీ వాడకూడదు. 1985లో కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడలేదని బడి నుంచి పంపేశారు. వాళ్ళు అందరితోపాటు గౌరవంగా నిలబడేవారు, పాడేవారు కాదు, అంతే. 1986 ఆగస్టులో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో సుప్రీంకోర్టు పిల్లల పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. వాళ్ళ సిద్ధాంతం నాది కాదు, నేను జాతీయగీతం మనసారా పాడతాను. కాని వాళ్ళు నిలబడిన పద్ధతి చూడండి. దేశాన్ని అవమానించలేదు, ఎదురు తిరగలేదు, చదువు పోతున్నా అబద్ధంగా పెదాలు కదపలేదు.

ఇంటివాళ్ళ విషయం. తండ్రినీ తల్లినీ ద్వేషించకపోతే నా శిష్యుడు కాలేడు అన్న లూకా 14 వచనం విని మీరు కంగారు పడ్డట్టున్నారు. మత్తయి 10లో అదే మాట "నాకంటె ఎక్కువగా ప్రేమించువాడు" అని ఉంటుంది. అలాగే చదువుకోండి. తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది దేవునికి ఇచ్చేశాం అని చేతులు దులుపుకున్నవాళ్ళను యేసే మార్కు 7లో గద్దించాడు. కాబట్టి ప్రతి నెలా ఇంటికి పంపే డబ్బు ఆపకండి, బాప్తిస్మం పేరు చెప్పి అసలే వద్దు. భక్త్ సింగ్ గారి గురించి వినే ఉంటారు. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా సహవాసం మొదలైంది ఆయన సేవ ద్వారానే. పంజాబీ సిక్కు కుటుంబం, విదేశాల్లో ఇంజనీరింగ్ చదివారు. 1933లో బొంబాయిలో ఓడ దిగినప్పుడు తల్లిదండ్రులు కలిసి, నీ విశ్వాసం బయట చెప్పకు, ఇంటికి రా అన్నారు. దాచలేనన్నారు. వాళ్ళు ఆయన్ని అక్కడే వదిలి వెళ్ళిపోయారు. వాళ్ళు విశ్వాసం మానేయమనలేదు బ్రదర్. చెప్పకుండా ఉండమన్నారు, అంతే.

ఇప్పుడు మీ సర్టిఫికెట్. ఎస్సీ కులాల గురించిన 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం మొదట హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసేయమని సిఫారసు చేసింది, 2022లో ఇదే విషయం చూడడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: ఆ పేరా అన్యాయం. బాప్తిస్మం తీసుకోగానే ఊళ్ళో కులం పోదు, మన సంఘాల్లో కూడా పోలేదు, అది మన సిగ్గు. దాన్ని మార్చమని అడగడం, అర్జీ పెట్టడం, ఓటు వేసేటప్పుడు గుర్తుపెట్టుకోవడం పౌరుడిగా మీ హక్కు. కాని ఉత్తర్వు ఉన్నంత కాలం, క్రీస్తును ప్రభువని నీళ్ళలో ఒప్పుకుని, దరఖాస్తు మీద హిందువునని సంతకం పెట్టడం అబద్ధం. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో, బాప్తిస్మం పొంది చర్చికి వెళ్తూ కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు చెప్పకపోయినా నేను మీకు ఇదే చెప్పేవాణ్ణి.

ఇలా రెండు పేర్లతో బతుకుతున్న కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. వాళ్ళను తిట్టే హక్కు, ఆ మెట్టు ఎక్కాల్సిన అవసరం ఎన్నడూ రాని అగ్రకుల విశ్వాసికి అసలే లేదు. ఆకలి, పిల్లల చదువు వాళ్ళను అక్కడికి నెట్టాయి. కాని మీరు నన్ను అడిగారు, మీ వయసు ఇరవై ఏడు, చేతిలో ఉద్యోగం ఉంది. మీ గోపురానికి ఖర్చు ఇదే. ఇంజనీరింగ్ సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకున్నప్పుడు మీరు విశ్వాసి కాదు, దాని గురించి మనసు పాడుచేసుకోకండి. ముందుకు మాత్రం లెక్క చూసుకోండి.

చేయాల్సిన పని చెబుతాను. ఈ నెల బాప్తిస్మం వద్దు, తొందరలేదని పాస్టర్‌గారికి చెప్పండి. ముందు ఊరెళ్ళి నాన్నగారికి మీ నోటితో చెప్పండి, ఇంకెవరి ద్వారానో తెలియకూడదు. అమ్మగారు ఏడిస్తే వాదించకండి, పక్కన కూర్చోండి. చెల్లి స్కాలర్‌షిప్ గురించి భయపడతారు. ఆమె విశ్వాసం ఆమెది, మీ బాప్తిస్మం ఆమె తరఫున తీసుకున్నది కాదు, ఆ మాట స్పష్టంగా చెప్పండి. తర్వాత తహసీల్దారు ఆఫీసుకు వెళ్ళండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళు బీసీ-సి కిందికి వస్తారు, ఒక శాతం రిజర్వేషన్. కేంద్ర పరీక్షలకు ఏ జాబితా వర్తిస్తుందో అక్కడే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి, ఒక మంచి వకీలుకు కూడా చూపించండి. బ్యాంకు పరీక్ష మానొద్దు. ఆ కేటగిరీలోనో, జనరల్‌లోనో రాయండి. కటాఫ్ పెరుగుతుంది, ఇంకో రెండేళ్ళు ఎక్కువ పట్టొచ్చు, రాకపోనూ వచ్చు. అదంతా ఒక కాగితం మీద అంకెలతో సహా రాసుకుని, మూడు వారాలు దగ్గర పెట్టుకుని ప్రార్థించండి.

ఆ కాగితం చూశాక కూడా తీసుకుంటానంటే నాకు రాయండి. మీ పాస్టర్‌గారు ఒప్పుకుంటే ఆ రోజు నేనూ మా ఆవిడా వస్తాం.